వంకర మెడ చక్కబడిన చరిత్ర



మన తెలుగు మాటలలో మనుష్యుని స్వభావమును తలమీదను మెడమీదను పెట్టి చెప్పుట వాడుక. మర్యాదగా బ్రదికినవాడు తల యెత్తుకొని తిరుగును. తప్పు చేసినవాడు తల వంచుకొనును. మాట విననివాడు తలబిరుసువాడు. అట్టివానిని లోబరచుకొనుట మెడలు వంచుట. ఈ మాటలన్నిటిలోను ఒక తలంపు దాగియున్నది. మెడను నిలుపుటయు వంచుటయు మనుష్యుని చేతిలోనే యున్నదని ఆ తలంపు. అయితే మెడ ఒక ప్రక్కకు వాలి పుట్టిన పసిబిడ్డ సంగతి యేమి? ఆ వంపు వినయము కాదు, సిగ్గు కాదు, మొండితనమును కాదు. ఒక్క కండరము కురచ యగుటచేత కలిగినది. ఆ కండరమును విడిపించుటకు మనుష్యులు మూడు వందల యేండ్లకు పైగా పడిన ప్రయాసను మీ యెదుట పెట్టగోరుచున్నాను. పైకి ఇది కత్తుల చరిత్ర వలె కనబడును గాని, తుదివరకు చదివినయెడల ఇది ఓర్పును గూర్చిన చరిత్ర యనియు, నిందను గూర్చిన చరిత్ర యనియు మీకే తెలియగలదు.

ముందుగా ఆ కండరమును తెలిసికొందము. అద్దము నెదుట నిలిచి మీ ముఖమును కుడి ప్రక్కకు త్రిప్పి చూడుడి. మెడ ఎడమ ప్రక్కన, చెవి వెనుకనుండి రొమ్ము పైనున్న గుంట వరకు, మోకువంటిది ఒకటి పైకి లేచి కనబడును. దాని పై కొన చెవి వెనుకనున్న ఎముకకు అంటుకొనియున్నది. క్రింది కొన రెండు పాయలై, ఒకటి రొమ్ము ఎముకను, మరియొకటి కాలరు ఎముకను పట్టుకొనియున్నది. వైద్యులు దీనికి స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అను పొడుగుపాటి పేరు పెట్టిరి. ఆ మూడు ఎముకల పేర్లే అందులో కలిసియున్నవి. ఎడమ కండరము బిగిసినప్పుడు తల ఎడమ భుజము వైపునకు వాలును, గడ్డము కుడి వైపునకు తిరుగును. మనకు రెండు ప్రక్కలను ఈ కండరము సమానముగా నున్నది గనుక తల నడుమ నిలుచుచున్నది.

కొందరు శిశువులకు పుట్టిన రెండు మూడు వారములలో ఈ కండరములో రేగుపండంత గట్టి గడ్డ చేతికి తగులును. నొప్పి యుండదు. బిడ్డ పాలు త్రాగును, నిద్రపోవును. కొన్ని నెలలలో ఆ గడ్డ తనంతట తానే కరగిపోవును. అనేకులలో కండరము మరల మెత్తబడును. కొందరిలో మాత్రము మెత్తని కండ పోయి నారవంటి పదార్థము మిగులును. కండ సాగును, నార సాగదు. బిడ్డతోపాటు మెడ ఎముకలు పెరుగుచుండగా ఈ నార పెరుగక, తలను క్రిందికి లాగి పట్టుకొనును. సంవత్సరములు గడచుకొలది ఆ ప్రక్క చెక్కిలి చదునగును, ఆ ప్రక్క కన్నును చెవియు రెండవ వాటికంటె దిగిపోవును. లాటిను భాషలో మెలిదిరిగిన మెడ యని యర్థమిచ్చు రెండు మాటలను కలిపి దీనిని టార్టికాలిస్ అని పిలిచిరి.

ఇట్టి బిడ్డ ఇంట పుట్టినప్పుడు మొదట పుట్టు ప్రశ్న యేది? ఏమి చేయవలెనని కాదు, ఎవరు చేసిరని. పుట్టుకతో పెదవి చీలిన బిడ్డను గ్రహణపు మొఱ్ఱి అని పిలుచు దేశము మనది. ఆ పేరులోనే తీర్పు ఇమిడియున్నది: తల్లి గ్రహణము నాడు ఇంట నుండక బయట తిరిగెననియు, కత్తిపీట ముట్టెననియు. మెడ వాలిన బిడ్డ తల్లియు ఇట్టి మాటలకు తప్పించుకొనలేదు. పుట్టు గ్రుడ్డివానిని చూపి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా యని శిష్యులు తమ గురువును అడిగిన సంగతి యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో మీరు చదివియున్నారు. ఆయన ఆ రెండును కాదనెను. అడిగిన వరుసయే తప్పని చూపి, చేయవలసిన పనివైపు వారి దృష్టిని మరల్చెను. ఈ చరిత్ర అంతటిలోను ఆ ప్రశ్నయే వేషము మార్చుకొని మరల మరల వచ్చుట మీరు చూతురు.

పూర్వకాలమున మెడ వంపుగలవారిలో మిక్కిలి పేరెన్నికగన్నవాడు గ్రీకు చక్రవర్తి అలెగ్జాండరు. ఆయన మెడ కొంచెము ఎడమ వైపునకు వాలియుండెననియు, ఆ వాలును చూపులోని మార్దవమును లిసిప్పస్ అను శిల్పి చక్కగా పట్టుకొనెననియు ప్లూటార్కు వ్రాసెను. ఆయన స్నేహితులును తరువాత రాజ్యమేలినవారును ఆ వాలును అనుకరింప జూచిరని కూడ వ్రాసెను. ఇది పుట్టుకతో వచ్చిన టార్టికాలిసో, కంటి లోపము వలన కలిగిన వంపో, వట్టి అలవాటో యని వైద్యులు ఇప్పటికిని వాదించుకొనుచున్నారు. మనము నేర్చుకొనవలసినది వేరొకటి. రాజు మెడ వంగినయెడల అది అందమైనది, కొలువువారందరు దానిని నేర్చుకొనిరి. పేదవాని బిడ్డ మెడ వంగినయెడల వీధిలో పిల్లలు వంకర మెడవాడని కేక వేయుదురు. వంపు ఒక్కటే, చూచువారి కన్నులు వేరు.

ఆ వంపును కత్తితో సరిచేసిన మొదటి వృత్తాంతములలో ఒకటి హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డాము నగరమునుండి మనకు వచ్చినది. 17వ శతాబ్దము నడుమ ఐజక్ మిన్నియస్ అను శస్త్రవైద్యుడు ఒక బాలుని మెడలో బిగిసిన కండరమును కోసి, వాని తలను నిలువబెట్టెను. మిన్నియస్ స్వయముగా గ్రంథము వ్రాసినవాడు కాడు. ఆ కాలమున లాటిను చదివిన వైద్యులు ఒక తెగ, కత్తి పట్టి పనిచేయు శస్త్రవైద్యులు మరియొక తెగ; రెండవవారిని చేతిపనివారిగా ఎంచెడివారు. మిన్నియస్ పనిని లోకమునకు తెలిపినవాడు డాక్టరు నికోలాస్ ట్యుల్ప్. రెంబ్రాంట్ 1632లో చిత్రించిన ప్రసిద్ధ పటములో శవము చేతి కండరములను పైకెత్తి చూపుచున్నవాడు ఈయనయే. చుట్టు నిలిచి వినుచున్నవారు ఆ నగరపు శస్త్రవైద్యుల సంఘమువారు. ఆయన తరువాత ఆ నగరమునకు మేయరు కూడ ఆయెను. అట్టి గొప్పవాడు తనకంటె తక్కువ తరగతివాడని ఎంచబడిన మనుష్యుని చేతిపనిని తన వైద్య పరిశీలనల గ్రంథములో పేరుతో సహా వ్రాసిపెట్టెను. అది జరుగనియెడల మిన్నియస్ పేరు మనకు తెలియకపోవును. తమ క్రిందివారి మంచి పనిని వారి పేరునే చెప్పుట పెద్దలకు తగిన గుణము.

అయినను ఆ బాలుడు పడిన బాధను మరువకుడి. మత్తుమందు లేదు. గాయము చీము పట్టకుండ కాపాడు మార్గము లేదు. ఆ కండరము క్రిందనే తలకు రక్తము మోయు గొప్ప ధమనియు, రక్తము దింపు గొప్ప సిరయు ఉన్నవి. కండరపు పైభాగములో భుజమును ఎత్తు నరము దూరిపోవుచున్నది. కత్తి ఒక గోరు మందము లోతుగా దిగినచో ప్రాణమే పోవును. ఆ కారణమున తరువాతి నూరేండ్లలో ఈ పని చేయ సాహసించినవారు కొద్దిమందియే.

1741లో పారిస్ నగరమున నికోలా ఆంద్రి అను ముదుసలి వైద్యుడు ఒక గ్రంథము ప్రచురించెను. అప్పటికి ఆయనకు ఎనుబది యేండ్లు దాటినవి. యౌవనమున గురుత్వమునకై వేదాంతము చదివి, ఆ మీదట వైద్యము వైపు మరలినవాడాయన. నిటారు అనియు బిడ్డ అనియు అర్థమిచ్చు రెండు గ్రీకు మాటలను కలిపి తన గ్రంథమునకు ఆర్థొపీడీ యని పేరు పెట్టెను. నేడు ప్రతి పట్టణమున ఎముకల ఆసుపత్రి బోర్డుమీద చూచు ఆర్థోపెడిక్ అను మాట ఇక్కడనుండియే వచ్చినది. ఎముకలు విరిగిన పెద్దలను కాదు, వంగిన బిడ్డలను తలంచియే ఆ మాట పుట్టెనని గమనింపుడి. ఆయన ఆ గ్రంథమును వైద్యులకు మాత్రమే గాక తలిదండ్రులకును పిల్లలను పెంచువారికిని వ్రాసెను. అందులో ఒక బొమ్మ యున్నది: వంకరగా పెరిగిన చెట్టు మ్రాను, దాని ప్రక్కన నాటిన నిటారు గుంజ, రెంటిని చుట్టి కట్టిన త్రాడు. ఎముకల వైద్యులు లోకమంతట ఆ బొమ్మనే తమ గురుతుగా పెట్టుకొనిరి.

మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు చెప్పుదురు. ఆంద్రి బొమ్మయు ఆ సత్యమునే రెండవ వైపునుండి చూపుచున్నది: మొక్కగా నున్నప్పుడు వంపు తీయవచ్చును. కాని త్రాడు బిగించి ఒక్క దినములో మ్రానును నిలుపజూచినవాడు దానిని విరుచును. ప్రతి దినము కొంచెము కొంచెముగా లాగవలెను, చాల కాలము పట్టియుంచవలెను. ఈ ముసలివాని యుపదేశము ఎంత సరియైనదో తెలియుటకు లోకమునకు మరి రెండు వందల యేండ్లు పట్టినది.

1822లో పారిస్ నగరమందు ఓతెల్ ద్యూ ఆసుపత్రి ప్రధాన శస్త్రవైద్యుడగు డ్యుపుయిత్రాన్ ఒక బాలిక మెడను క్రొత్త రీతిగా సరిచేసెను. చర్మమును పొడుగునను కోయక, సన్నని కత్తిని చిన్న రంధ్రము గుండ చర్మము క్రిందికి పోనిచ్చి, అక్కడనే కండరమును తెంచెను. పెద్ద గాయము లేనందున గాలి తగులుట తక్కువ, చీము పట్టుట తక్కువ. మెడమీద పెద్ద మచ్చ కూడ మిగులదు. జర్మనీలోని హానోవరు నగరమున స్ట్రోమయరు ఈ రీతినే 1831లో వంకర పాదము గలవారి మడమ నరమునకు ఉపయోగించెను. ఇంగ్లాండునుండి విలియం జాన్ లిటిల్ అను యువ వైద్యుడు తన వంకర పాదముతో 1836లో ఆయనయొద్దకు వెళ్లి, బాగుపడి, ఆ విద్యను నేర్చుకొని, తన దేశమునకు తీసికొనిపోయి లండనులో ఇట్టివారికై ఆసుపత్రి స్థాపించెను. వేదాంత విద్యార్థిగా ఆరంభించి శస్త్రవైద్యుడైన డీఫెన్‌బాఖు బెర్లిను నగరమున అనేకుల మెడలను ఈ విధముగానే చక్కజేసెను.

స్ట్రోమయరు మరియొక పని కూడ చేసెను. మెడ యెందుకు వంగెనని వెదకి, ప్రసవ సమయమున బిడ్డను లాగుటలో కండరము చిరిగి, రక్తము గడ్డకట్టి, ఆ గాయము నారగా మారునని 1838లో వ్రాసెను. ఇది శాపముల మాటకంటె ఎంతయో మేలైనది. వెదకదగిన కారణమును చూపినది. కాని చూచితిరా, నింద పోలేదు. తల్లినుండి మంత్రసాని చేతికి మారినది. అప్పటినుండి అనేక సంవత్సరములు కష్ట ప్రసవము చేసిన చేతులను జనులు దూషించుచు వచ్చిరి. తరువాతి వైద్యులు ఆ మాటకు అడ్డు తగులు సంగతులు కనుగొనిరి. ఎవరును లాగకుండ, కడుపు కోసి తీసిన బిడ్డలలోను ఈ వంపు కనబడుచున్నది. కాళ్లు ముందుగా వచ్చు బిడ్డలలో ఇది హెచ్చు. వీరిలో కొందరికి తుంటికీలు కూడ సరిగా అమరియుండదు. దీనినిబట్టి గర్భములోనే, చోటు చాలక తల ఒక ప్రక్కకు నొక్కుకొని యుండగా ఆ కండరమునకు రక్తము సరిగా అందక చెడునని పలువురు తలంచిరి. 1993లో అమెరికా వైద్యులు కొందరు ఆ కండరపు పొర లోపలి ఒత్తిడిని పరీక్షించి ఈ తలంపునకు బలమిచ్చిరి. కారణములు ఒకటికంటె హెచ్చుగా నుండవచ్చును. అయితే వాటిలో ఏదియు తల్లి చేసిన తప్పు కాదు.

ఇక మత్తుమందు మాట. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రిలో మోర్టన్ అను దంతవైద్యుడు ఒక యువకునికి ఈథరు ఆవిరి పట్టించెను. వారెన్ అను వృద్ధ శస్త్రవైద్యుడు కత్తి పట్టెను. శస్త్రచికిత్సలో మత్తుమందును లోకమునకు తేటపరచిన దినము అది. ఆ యువకుని వ్యాధి యేదో తెలియునా? మెడ ఎడమ ప్రక్కన, బహుశః పుట్టుకనుండి యున్న, రక్తనాళముల గడ్డ. పుట్టుకతో వచ్చిన మెడ లోపము గల ఒక మనుష్యుని ద్వారానే ఆ మేలు లోకమునకు తెలిసినది. మరుసటి సంవత్సరము, 1847 నవంబరులో, ఎడింబరో నగరమున సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. బిడ్డల శస్త్రచికిత్సలో ఇది యెంత మార్పు తెచ్చెనో ఆలోచింపుడి. పెద్దవానికి, ఓర్చుకొనుము, ఇది నీ మేలుకే యని చెప్పవచ్చును. రెండేండ్ల బిడ్డకు ఏమి చెప్పగలము?

ఈ విషయములో మన హైదరాబాదునకు కూడ పాలున్నది. క్లోరోఫారము వలన కొందరు బల్లమీదనే మరణించుట చూచి, అందులో అపాయము గుండెకా, ఊపిరికా యని వైద్యలోకము వాదించుచుండెను. హైదరాబాదు వైద్య పాఠశాలకు ప్రధానుడగు ఎడ్వర్డు లారీ, నైజాము ప్రభువు ధనసహాయముతో, 1888లోను 1889లోను రెండు పరిశోధక సంఘములను నడిపెను. రెండవ దానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారము ఇచ్చుటలో పేరుపొంది, ఆ పనిలో లోకమునందలి తొలి స్త్రీలలో ఒకతెగా ఎన్నబడుచున్నది. ఊపిరియే ముందు ఆగునని ఆ సంఘములు తేల్చెను. అది పూర్తిగా సరికాదనియు, గుండె కూడ హఠాత్తుగా ఆగవచ్చుననియు 1911లో లెవీ యను వైద్యుడు రుజువు చేసెను. తీర్పు మారినను, ఊపిరిని క్షణమైనను విడువక కనిపెట్టుడని హైదరాబాదు నేర్పిన పాఠము నిలిచినది.

నొప్పి పోయినను చీము పోలేదు. 1865 ఆగస్టులో గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు, బండి చక్రము క్రింద కాలు విరిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లముతో తడిపిన గుడ్డ కట్టెను. గాయము కుళ్లలేదు, కొన్ని వారములలో వాడు తన కాళ్లమీద నడచి పోయెను. 1867లో లిస్టరు ఆ పద్ధతిని ప్రకటించెను. జర్మనీలో దానిని త్వరగా అంగీకరించినవారిలో హాలే నగరపు ఫోల్క్‌మన్ ఒకడు. ఈయన యుద్ధములో శస్త్రవైద్యుడుగా పనిచేయుచునే పిల్లలకు కథలు వ్రాసి, వేరు పేరుతో ప్రచురించినవాడు. 1885లో ఆయన వంకర మెడను గూర్చి వ్రాయుచు, చర్మము క్రింద కనబడకుండ కోయు పద్ధతిని విడిచి, తెరచి చూచి కోయవలెనని బోధించెను. చీము భయముండిన దినములలో రంధ్రము గుండ కోయుట జ్ఞానమే. ఆ భయము తీరిన తరువాత గ్రుడ్డిగా కోయనేల? తెరచి చూచినయెడల ధమనిని, సిరను, నరమును తప్పించవచ్చును. కండరముతోపాటు బిగిసియున్న లోపలి పొరలను కూడ విడిపింపవచ్చును. అవి మిగిలినందుననే మునుపు అనేకుల మెడలు మరల వంగినవి.

మేలైన సాధనము చేతికి వచ్చినప్పుడు మితిమీరుట మనుష్యుని గుణము. 1895లో బ్రెస్లావు నగరపు మికులిచ్ ఆ చెడిన కండరమును బహుభాగము కోసి తీసివేయు పద్ధతిని ప్రకటించెను. ఈయన అజ్ఞాని కాడు; శస్త్రవైద్యులు ముఖమునకు గుడ్డ కట్టుకొనుటను 1897లో నేర్పినవాడు. చెడినదానిని నిలుపనేల, తీసివేయుదమని ఆయన తర్కము. మెడ నిలిచినది నిజమే. కాని కండరము లేనిచోట గుంట పడి, మెడకు సహజమైన రూపము పోయినది. తరువాతివారు కొంత నేర్చుకొనిరి. కండరమును పూర్తిగా తీయక, బిగువున్న చోట విడిపించి, మిగిలినదానిని నిలుపుకొనవలెనని చూచిరి. 1983లో అమెరికాలో ఫెర్కెలును అతని తోడివారును, పై కొనను విడిపించి, క్రింది కొనను మెలికగా కోసి నిడుపు చేసి కుట్టి, మెడ ముందటి వంక చెడకుండ కాపాడు పద్ధతిని వివరించిరి. దోషమును తీయుట ఒకటి, మనిషిని నిలుపుట మరియొకటి. సంఘములో క్రమశిక్షణ నడుపు పెద్దలు కూడ ఈ భేదమును మరువరాదు.

కత్తి ఇంత నేర్పు పొందిన తరువాత జరిగినది విచిత్రము. కత్తి అవసరము తగ్గిపోయినది. బిడ్డ పుట్టిన మొదటి నెలలలోనే కనిపెట్టి, తలను మెల్లగా రెండవ ప్రక్కకు వంచుచు, గడ్డమును బిగిసిన ప్రక్కకు త్రిప్పుచు, ప్రతి దినము కండరమును సాగదీసినయెడల, అధికసంఖ్యాకులకు శస్త్రచికిత్సయే అక్కరలేదని తెలిసినది. 2001లో హాంకాంగు వైద్యులు 821 మంది శిశువులకు ఈ విధముగా చేసిన చికిత్స ఫలితములను ప్రకటించిరి. నూటికి తొంబదిమందికి పైగా కత్తి లేకయే గట్టెక్కిరి. ఎంత త్వరగా ఆరంభించిరో అంత మేలు కలిగినది. ముసలి ఆంద్రి త్రాడు కట్టిన చెట్టు మీకు జ్ఞాపకమున్నదా? ఆ గుంజయు ఆ త్రాడును తుదకు తల్లి చేతులే యని తేలినది.

మన యిండ్లలో బిడ్డను కాళ్లమీద పరుండబెట్టుకొని, నూనె రాచి నీళ్లు పోయునప్పుడు మెడలోని గడ్డ అమ్మమ్మ చేతికో నాయనమ్మ చేతికో మొదట తగులును. ఆ చేయి అక్కడ ఆగవలెను. నూనె పోసి గట్టిగా తోమి కరగించుదమనియు, మెడను పట్టి లాగుదమనియు చూడరాదు. బిడ్డను పిల్లల వైద్యునికి చూపవలెను. ఏలయనగా మెడ వాలుట అన్నివేళల ఈ కండరము వలననే కాదు. కొందరికి మెడ ఎముకలే పుట్టుకతో అతుకుకొని యుండును. క్లిప్పెల్, ఫీల్ అను ఇద్దరు ఫ్రెంచి వైద్యులు 1912లో దానిని వర్ణించిరి. కొందరికి కంటి కండరము బలహీనమై, ఒకటి రెండుగా కనబడకుండుటకై బిడ్డ తనంతట తలను వాల్చుకొనును. అట్టివారికి మెడను సాగదీసినను కోసినను ప్రయోజనము లేదు, హాని కలుగవచ్చును. సంగతి తేలిన తరువాత ఫిజియోథెరపిస్టు తల్లికి చేయి పట్టి నేర్పును. పాలిచ్చునప్పుడు ఏ ప్రక్క పెట్టుకొనవలెనో, ఆటబొమ్మను ఎటు చూపవలెనో, మెలకువగా నున్నప్పుడు బోర్ల ఎంతసేపు పరుండబెట్టవలెనో చెప్పును. ఇవి చిన్న సంగతులు. దినమునకు పలుమారులు, నెలల తరబడి చేయవలసిన చిన్న సంగతులు.

ఇట్లు చేసినను సంవత్సరము దాటిన తరువాత బిగువు మిగిలియున్నచో, అప్పుడు శస్త్రచికిత్స. బిడ్డ ఇంకను చిన్నగా నున్నప్పుడే చేసినయెడల ముఖము పెరుగుదలలో తనంతట చాలవరకు సరియగును. ఆలస్యము చేసినకొలది మెడ నిలిచినను ముఖపు వంకర మిగిలిపోవును. పెద్ద పిల్లలకు ప్రయోజనము లేదని కాదు. వారికిని మేలు కలుగును, కాని పూర్ణముగా కాదు. పంట అయిన తరువాత, పెద్దవాని పెండ్లి అయిన తరువాత, ఆడపిల్ల గనుక పెండ్లినాటికి చూతమని వాయిదా వేయువారు ఈ మాట ఆలోచింపవలెను. పదునెనిమిది యేండ్లు నడుము వంగి యుండిన స్త్రీని ప్రభువు స్వస్థపరచినప్పుడు, సమాజమందిరపు అధికారి కోపపడి, వేరొక దినమున రావచ్చును గదా యనిన సంగతి లూకా పదుమూడవ అధ్యాయములో నున్నది. ఒక్క దినము ఆగినచో ఆమెకు నష్టమేమి యని అతనికి తోచెను. వంగియున్నవాడు అతడు కాడు గనుక అట్లు తోచెను.

శస్త్రచికిత్సతో పని ముగిసెనని కూడ తలంపవద్దు. గాయము మానుచుండగానే తలను సరియైన స్థితిలో నిలుపు కాలరు వేయుదురు, సాగదీయు అభ్యాసములు మరల ఆరంభింతురు. అవి నెలల తరబడి సాగవలెను. మానినవాని యెడల తెగిన కొనలు మచ్చగా అతుకుకొని మరల లాగును. ఇంకొక ఆశ్చర్యకరమైన సంగతి యున్నది. ఇన్నాళ్లు వాలిన తలతో లోకమును చూచిన బిడ్డకు, తల నిటారుగా నిలిపినప్పుడు, తాను వంకరగా నున్నట్లు తోచును. కండరము విడుదల పొందినను, మెదడు పాత వంపునే సూటియని నమ్మును. అందుచేత బిడ్డను అద్దము నెదుట నిలిపి, ఇది సూటి, ఇది వంపు అని ప్రతి దినము చూపి నేర్పుదురు. తన మనస్సు చెప్పుదానిని కాక, అద్దము చూపుదానిని నమ్ముట బిడ్డ నేర్చుకొనవలెను. చాలకాలము వంకర త్రోవలో నడచి తిరిగివచ్చిన మనుష్యునికి మొదట సన్మార్గమే వంకరగా తోచుటలో వింత యేమున్నది? వానిని కసరకుడి. అద్దము చూపుడి, ప్రక్కన నిలువుడి.

చదువరీ, మీ వీధిలోనో, మీ సంఘములోనో, మీ బంధువుల యింటనో మెడ వాలిన బిడ్డ యుండవచ్చును. ఆ తల్లి నలుగురిలోనికి వచ్చునప్పుడు బిడ్డ తలను కొంగుతో కప్పి, భుజమునకు అదుముకొని, ఎవరు ఏమందురో యని చూచుచుండవచ్చును. ఆమెయొద్దకు పోయి, ఏ గ్రహణమున ఏమి చేసితివని అడుగకుడి. ఏ మంత్రసాని పురుడు పోసెనని అడుగకుడి. ఆ ప్రశ్నలకు మూడు వందల యేండ్ల చరిత్ర జవాబు చెప్పినది. బిడ్డకు ఎన్ని నెలలు, వైద్యునికి చూపితివా యని అడుగుడి. చూపలేదనినచో, రేపు ఉదయము నేను తోడు వచ్చెదనని చెప్పుడి. మిన్నియస్ కత్తికంటెను, లిస్టరు మందుకంటెను ముందుగా ఆ బిడ్డకు కావలసినది ఆ మాటయే.